స్వరంలో మార్పు లేదు

మద్రాసు,
12-8-1998

అక్కకు,

యూసుఫ్ సలాములు. నేను బాగున్నాను. నువ్వు, సైదా బావ, నజ్మీన్ కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం శుక్రవారం అందింది. గుంటూరు డాక్టరుగారి చీటీని మా పెద్ద డాక్టరుగారికి చూపించాను.

ముందు మంచి మాట చెప్తాను. నీ మెడలో గడ్డలోంచి తీసిన నీటిని పరీక్ష చేశారు కదా, అందులో కాన్సరు లేదు. అది థైరాయిడ్ గ్రంథిలో లేచిన నీటిగడ్డ. ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ నిమ్మకాయంత ఉంది కాబట్టి ముద్ద మింగేటప్పుడు అడ్డం పడుతోంది.

గుంటూరులో కోసి తీసేస్తామన్నారు. ఆపరేషనులో గొంతు నరం దెబ్బ తింటే నీ కేక పోతుందని నీ భయం. నువ్వు 'పరుపులు కుడతాం, దిండ్లు కుడతాం' అని ఒక వీధిలో కేకేస్తే మూడో వీధిలో వాళ్ళు పాత బొంతలు బయట వేస్తారు. బావ దూది ఏకగలడు గానీ కేక వెయ్యలేడు. కాబట్టి అది న్యాయమైన భయమే.

మా ఆస్పత్రిలో కొత్త పద్ధతి మొదలుపెట్టారు. స్కానింగ్ తెర మీద చూస్తూ సన్నటి సూది గడ్డలోకి దింపుతారు. నీరు లాగేసి, ఆ ఖాళీలో కొంచెం స్పిరిట్ ఎక్కిస్తారు. గడ్డ లోపలి గోడలు మాడిపోయి మళ్ళీ నీరు ఊరదు. కోత లేదు, కుట్లు లేవు, మత్తు కూడా ఇవ్వరు. నెలకొకటి చొప్పున మూడు సూదులు. ఆ గదిలో అటెండరుని నేనే. డాక్టరుగారి అరవం నీకు తెలుగులో చెప్పేది కూడా నేనే.

ఇంకో సంగతి. ఈ వైద్యం చేయించుకున్నవాళ్ళను పదేళ్ళపాటు ఏటా కనుక్కుంటారు. గడ్డ ఎంత తగ్గింది, మళ్ళీ పెరిగిందా, మింగటం ఎలా ఉంది, స్వరం ఎలా ఉంది, అన్నీ ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరు రాసే పని నాకు ఇచ్చారు. నా ఉద్యోగం ఇంకా టెంపరరీయే. అయినా నమ్మి ఇచ్చారు.

బావని ఒప్పించి రా అక్కా.

నీ తమ్ముడు
యూసుఫ్


దర్శి,
30-8-1998

తమ్ముడు యూసుఫ్‌కు,

చాంద్‌బీ దీవెనలు. ఇక్కడ వానలు అంతంత మాత్రం. పోయినేడు పురుగు తిన్న పత్తి ఇంకా కొందరి ఇళ్ళల్లో మూలుగుతోంది. రంగు మారిన దూది. అమ్మితే కొనేవాడు లేక, 'దీన్నే ఏకి పరుపు కుట్టండి' అంటున్నారు. ఏకుతుంటే లేచే దుమ్ము నల్లగా ఉంది. మీ బావ దగ్గు తగ్గలేదు. నజ్మీన్ ఐదో తరగతి. వాళ్ళ పంతులమ్మ ఫొటో అడిగింది, తీయించాలి.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. 'స్పిరిట్' దగ్గర ఆపమన్నాడు.

"అంటే సారాయేగా?"

"మందులే" అన్నాను.

"మనం నోట్లో పోసుకోనిది, మెడలో పోయించుకుంటావా? మీ తమ్ముడికి పరీక్షలు చేసుకోటానికి వేరే మనిషి దొరకలా?"

నేను మసీదు దగ్గర రంజాన్ తాతను అడిగాను. ఆయన, మందుగా వాడేదానికి తప్పు లేదమ్మా, రోగం దాచుకోవటమే తప్పు అన్నాడు. మీ బావ ఒప్పుకున్నట్టా కాదా నాకు తెలియలేదు. రైలు టిక్కెట్టు మాత్రం తనే తెచ్చాడు.

పంపు దగ్గర ఆడవాళ్ళు "మెడలో దూది కుక్కుకున్నావా ఏందే చాంద్‌బీ" అని నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నా కొంగు పట్టుకుని తిరిగినవాడివి ఇవాళ నాకు వైద్యం చెప్తున్నావు. నీ మాట మీదే వస్తున్నాను.

అక్టోబరు మొదటి వారంలో దిగుతాను. స్టేషనుకు రా.

మీ అక్క
చాంద్‌బీ


మద్రాసు,
20-12-1998

అక్కకు సలాములు.

మొన్న పదో తేదీన మూడో సూది అయ్యాక నిన్ను రైలెక్కించి వచ్చాను. ఆ రోజు నువ్వు ఒక్క మాటైనా మాట్లాడలేదు. కిటికీలోంచి చెయ్యి మాత్రం ఊపావు. అలిసిపోయావనుకున్నాను. మొదటి రెండు సూదులకే గడ్డ పద్నాలుగు మిల్లీలీటర్ల నుంచి ఐదుకు దిగింది. డాక్టరుగారు నీ స్కానింగు ఫిల్ము కొత్త డాక్టర్లకు చూపిస్తున్నారు.

రిజిస్టరులో నెల రోజుల కాలమ్ నింపాలి. నాలుగు ప్రశ్నలు. నొప్పి ఉందా? వాపు ఉందా? మింగటంలో ఇబ్బంది ఉందా? స్వరంలో మార్పు ఉందా? జవాబులు రాసి పంపు.

యూసుఫ్


దర్శి,
9-1-1999

తమ్ముడికి,

ఉపవాసాల నెల కదా, జవాబు ఆలస్యమైంది.

నొప్పి లేదు. వాపు లేదు. మింగటంలో ఇబ్బంది లేదు. స్వరంలో మార్పు లేదు.

ఏడాది పరీక్షకు మద్రాసు దాకా రాలేను. ఒంగోలులో స్కానింగు తీయించి కాగితం పంపిస్తాను. డాక్టరుగారిని అడిగి చెప్పు. నజ్మీన్ బాగా చదువుతోంది.

చాంద్‌బీ


మద్రాసు,
6-5-1999

అక్కకు సలాములు.

ఒంగోలు కాగితం సరిపోతుందని డాక్టరుగారు ఒప్పుకున్నారు. మిగతా ప్రశ్నలకు ఉత్తరంలో జవాబు రాస్తే చాలు. చాలామంది దూరాభారం వాళ్ళే, వాళ్ళకూ ఇదే ఏర్పాటు చేశాం. నా ఉద్యోగం పర్మనెంటు అయింది. సగం నీ చలవే. 'సొంత అక్కనే తీసుకొచ్చాడు' అని డాక్టరుగారు అందరితో చెప్తారు.

ఇక అసలు సంగతి. మా వార్డులో ఫెబా అనే నర్సు ఉంది. వేటపాలెం అమ్మాయి. వాళ్ళ అమ్మ దేవకుమారిగారు జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు, చర్చిలో పాటలు పాడతారు. ఆవిడకూ నీలాంటి గడ్డే. పాట పోతుందని ఆపరేషనుకు భయపడింది. 'మా అక్క చేయించుకుంది, గొంతు ముందు ఎట్టా ఉందో ఇప్పుడూ అట్టాగే ఉంది' అని నేను చెప్పాను. ఆ మాట మీద వచ్చింది. బాగా తగ్గింది. అలా రాకపోకలు పెరిగాయి.

ఫెబా, నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ అమ్మ ఒప్పుకుంది. మన తరఫున నాకు నువ్వు తప్ప అడగాల్సినవాళ్ళు ఎవరూ లేరు. కాగితం మీద కాదు, నీ నోటితో వినాలని ఉంది. ఈ 14వ తేదీ శుక్రవారం పొద్దున పదకొండింటికి దర్శి బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూతుకు ఫోన్ చేస్తాను. వచ్చి ఉండు.

నీ
యూసుఫ్


మద్రాసు,
15-5-1999

అక్కకు,

నిన్న నువ్వు బూతుకు వచ్చావని నాకు తెలుసు. ఫోన్ ఎత్తినాయన 'ఇదుగో మాట్లాడండి, వచ్చిందావిడ' అన్నాడు. నీ గాజుల చప్పుడు కూడా వినపడింది. నేను చెప్పాల్సింది చెప్పి, ఏమంటావక్కా అని అడిగాను. నువ్వు ఏమీ అనలేదు. మళ్ళీ అడిగాను. నీ ఊపిరి వినపడుతోంది, మాట లేదు. తర్వాత పెట్టేశావు.

వద్దు అని ఉంటే బాధపడేవాణ్ణి గానీ అర్థం చేసుకునేవాణ్ణి. తిట్టినా సరే. మాట్లాడటానికి కూడా నోరు రాలేదంటే ఇంక నేను అడిగేదేముంది?

పెళ్ళి జూన్ 21న రిజిస్ట్రారు ఆఫీసులో. రమ్మని రాయటం నా ధర్మం.

యూసుఫ్


దర్శి,
2-6-1999

తమ్ముడు యూసుఫ్‌కు,

దీవెనలు. ఆ రోజు లైను బాగాలేదు. నాకు నీ మీద కోపం లేదు. ఆ అమ్మాయి మీద కూడా లేదు. పెళ్ళి చేసుకోండి. ఇద్దరూ చల్లగా ఉండండి.

రావటానికి కుదరదు. మీ బావకు బాగుండటం లేదు. నేను ఇప్పుడు వీధులకు వెళ్ళటం మానేశాను. మిరపకాయల గ్రేడింగుకు పోతున్నాను. తాలుకాయలు ఒక పక్కకు, ఎర్రకాయలు ఒక పక్కకు ఏరాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునే పని.

ఆ అమ్మాయికి చీర పంపుతున్నాను. ఆకుపచ్చది. నచ్చుతుందో లేదో.

చాంద్‌బీ


చెన్నై,
10-1-2001

శ్రీమతి చాంద్‌బీ గారికి,

రెండేళ్ళ పరీక్ష తాలూకు ఫారం జతపరిచాను. స్కానింగు కాగితం, నాలుగు ప్రశ్నలకు జవాబులు పంపగలరు. ఫారం ఆఫీసు తరఫున కాబట్టి ఇలా రాయాల్సి వచ్చింది.

మాకు కిందటి నెల పాప పుట్టింది. పేరు మెహర్. బాగుంది.

యూసుఫ్


దర్శి,
2-2-2001

తమ్ముడికి,

స్కానింగులో రెండు మిల్లీలీటర్లు అని వచ్చింది. బయటికి కనపడదు, వేలితో తడిమితే రేగుగింజలా తగులుతుంది. నొప్పి లేదు. వాపు లేదు. మింగటం బాగుంది. స్వరంలో మార్పు లేదు.

పాపకు దీవెనలు. వెండి పట్టీలు చేయించి ఉంచాను. ఎవరైనా అటు వచ్చేవాళ్ళు ఉంటే పంపుతాను.

చాంద్‌బీ


దర్శి,
18-11-2003

తమ్ముడు యూసుఫ్‌కు,

మీ బావ పోయాడు. అక్టోబరు నాలుగో తేదీన. ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మేనని ఒంగోలు డాక్టరు చెప్పాడు. పోయే ముందు పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. నలభయ్యో రోజు కూడా మొన్న అయిపోయింది. అంతా జరగాల్సినట్టే జరిగింది. నేను బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను. పనికి పోతున్నాను.

ఒంగోలులోనే ఉన్నాను కదా అని అప్పుడే నా స్కానింగు కూడా తీయించాను. మూడున్నర మిల్లీలీటర్లు. కొంచెం పెరిగిందన్నారు. కాగితం ఇందులో పెట్టాను. నొప్పి లేదు, వాపు లేదు, మింగటం బాగుంది, స్వరంలో మార్పు లేదు.

చాంద్‌బీ


చెన్నై,
27-11-2003

అక్కా,

బావ పోయిన నలభై ఐదు రోజులకు, స్కానింగు కాగితంతో కలిపి నాకు చెప్తావా? చెన్నై నుంచి దర్శికి ఒక పూట ప్రయాణం. ఒక్క టెలిగ్రాం ఇస్తే మట్టి ఇవ్వటానికి వచ్చేవాణ్ణి. ఆయన నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి.

ఇప్పుడు బయల్దేరుతానంటే ఫెబా, 'ఆమె నిన్ను రావద్దనుకుంది కాబట్టే చెప్పలేదు' అంది. నాకూ అలాగే అనిపించింది. రావటం లేదు. నజ్మీన్ చదువుకు ఏమైనా అవసరమైతే రాయి.

మూడున్నర అని రిజిస్టరులో ఎక్కించాను.

యూసుఫ్


దర్శి,
3-9-2006

తమ్ముడికి,

గడ్డ మళ్ళీ కనపడుతోంది. ఆరు మిల్లీలీటర్లు. ఒంగోలు ఆయన సూదితో నీళ్ళు తీసి పరీక్షకు పంపాడు, కాన్సరు లేదనే వచ్చింది. మిగతా మూడూ ఎప్పటిలాగే. నజ్మీన్ ఇంటర్ పాసయింది. టీచర్ ట్రైనింగు చదువుతానంటోంది.

చాంద్‌బీ


చెన్నై,
11-2-2008

అక్కా,

పోయిన వారం ఫెబా వాళ్ళ అమ్మను చూడటానికి వేటపాలెం వెళ్ళింది. నాకు చెప్పకుండా అక్కణ్ణుంచి దర్శి వచ్చింది. 'తొమ్మిదేళ్ళయింది, ఆవిడ నా మొహాన తలుపేసినా సరే, ఒకసారి చూసి వస్తాను' అనుకుందట. తిరిగొచ్చాక ఏం జరిగిందో రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. తప్పయితే తప్పని రాయి.

ఫెబా గడప దగ్గర నిలబడి "వదినా, నేను ఫెబాని" అంది. నువ్వు లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని "రామ్మా, కూర్చో" అన్నావు. ఆ గొంతు విని ఫెబా అట్టాగే నిలబడిపోయింది.

"జలుబు చేసిందా వదినా?"

"ఆఁ" అన్నావు నువ్వు.

అప్పుడు నజ్మీన్ మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ "జలుబు కాదత్తా. అమ్మ గొంతు నా చిన్నప్పట్నించీ అంతేగా" అంది.

ఫెబా పదిహేనేళ్ళుగా ఇదే వార్డులో ఉంది. ఒక పక్క స్వరతంతి కదలని మనిషి గొంతు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నన్ను అడిగింది. "రిజిస్టరులో మీ అక్క పేరు ఎదురుగా ఏం రాశావు?"

స్వరంలో మార్పు లేదు అని రాశాను అక్కా. తొమ్మిదిసార్లు.

ఎప్పటినించి? ఎందుకు చెప్పలేదు?

యూసుఫ్


దర్శి,
20-2-2008

యూసుఫూ,

ఫెబా చెప్పింది నిజమే. పిల్ల మంచిది. నేను కట్టెల పొయ్యి ఊదుతుంటే పక్కకు జరిపి తనే ఊదింది.

ఎప్పటినించి అని అడిగావు. మూడో సూది రోజునించి. బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరుగారు మింగొద్దు, మాట్లాడొద్దు అన్నాడు. నువ్వే తెలుగులో చెప్పావు. సూది లోపల ఉంది. అప్పుడు నువ్వు నా మొహం చూసి "నొప్పిగా ఉందా అక్కా" అన్నావు. నేను "లేదురా" అన్నాను. అంతే. మెడలో మంట లేచి చెవి దాకా, దవడ దాకా పాకింది. డాక్టరుగారు నీతో అరవంలో ఏదో గట్టిగా అన్నాడు, సూది తీసేశాడు.

రైలు గూడూరులో ఆగినప్పుడు టీ అడగబోయాను. నోరు తెరిస్తే గాలి వచ్చింది. టీ అమ్మే అతను ముందుకెళ్ళిపోయాడు. నేను ఏడుస్తానేమో అనుకుని చూసుకున్నాను. ఏడుపు రాలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు మొదలు నాకు ఏది జరిగినా ఇంకెవరికో జరుగుతున్నట్టే ఉంది. మీ బావ పోయినప్పుడు కూడా అంతే.

మీ బావ మూడు రోజులు చూసి "మీ తమ్ముడికి రాయి" అన్నాడు. రాయనని తల ఊపాను. రాస్తే ఎందుకు పోయింది అని నువ్వు ఆలోచిస్తావు. ఆలోచిస్తే నీకు నీ మాట గుర్తొస్తుంది. నీ ఉద్యోగం అప్పటికి గట్టిపడలేదు. మీ డాక్టరుగారు నిన్ను ఏమంటాడో అనుకున్నాను. ఇక్కడ పంపు దగ్గర "సారాయి పోయించుకుంది, దేవుడు గొంతు తీసుకున్నాడు" అన్నారు. మీ బావ మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. వీధులకు ఒక్కడే వెళ్ళేవాడు. ఆయన కేక ఎదురింటి వాకిలి కూడా దాటేది కాదు. ఆర్నెల్లకు మానేశాడు.

మిరపకాయల్లో అయితే నా సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ ఘాటుకి అక్కడ కూర్చున్న నలభైమంది ఆడవాళ్ళ గొంతులూ నా గొంతులాగే ఉంటాయి.

ఫోన్ రోజున నేను మాట్లాడాను. "మంచిదిరా, చేసుకో" అన్నాను. మూడుసార్లు అన్నాను. పక్కనున్న బూతాయనకే వినపడలేదు, లైను పోయిందా అని అడిగాడు. నువ్వు హలో హలో అంటున్నావు. పెట్టేశాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చెప్తే నీకు ఒక బాధ, చెప్పకపోతే ఒక బాధ. చెప్పకపోతే వచ్చే బాధ నా మీద కోపంతో పోతుందిలే అనుకున్నాను.

ఎనిమిది నెలలకు ధ్వని వచ్చింది. ఇప్పుడున్నంత. పక్కన కూర్చున్నవాళ్ళకు వినపడుతుంది. అప్పుడైనా రాయొచ్చు. కానీ అప్పటికే మార్పు లేదని రాసి ఉన్నాను. ఒకసారి లేదని రాశాక మళ్ళీ ఏడాదీ లేదనే రాయాలి. ఫారం వచ్చేది, రాసేదాన్ని.

బావ సంగతి వెంటనే చెప్పనిది కూడా ఇందుకే. నువ్వు వస్తే నేను నీతో మాట్లాడాలి.

ఇంతకంటే రాయటానికి ఏమీ లేదు.

అక్క


చెన్నై,
9-3-2008

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. ఆ రోజు నేను నిన్ను నొప్పిగా ఉందా అని అడిగింది నాకు గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఆ గదిలోకి వెళ్ళి, ఆ బల్ల పక్కన నిలబడి చూశాను. డాక్టరుగారు గట్టిగా అన్నది గుర్తుంది. దూది ఆలస్యంగా అందించానని తిట్టారనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

నీ ఉత్తరం చదివిన ఫెబా ఐదో రోజున ఒక్కటే అడిగింది. "మా అమ్మకు బాగుంది కాబట్టి సరిపోయింది. బాగోకపోతే, నీ మాట నమ్మి వచ్చామని ఎవరికి చెప్పుకునేవాళ్ళం?" మీ అక్క గొంతు నువ్వెప్పుడు విన్నావని దేవకుమారిగారు ఆ రోజే అడిగి ఉంటే, వినలేదనే చెప్పాల్సి వచ్చేది. ఉత్తరం చదివాను, అంతే.

సోమవారం పెద్ద డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. నీ ఉత్తరం తెలుగులోంచి అరవంలోకి చదివాను. నేను అడిగిన మాట దగ్గర కూడా ఆపలేదు. ఆయన అంతా విని రిజిస్టరు తెప్పించారు. ఈ పదేళ్ళలో నలభై ఆరుగురు. గడ్డ సగానికి పైగా తగ్గినవాళ్ళు ముప్పై ఒక్కమంది. తగ్గి మళ్ళీ పెరిగినవాళ్ళు పదకొండుమంది, అందులో నువ్వొకదానివి. చివరికి ఆపరేషనుకు పోయినవాళ్ళు నలుగురు. స్వరం శాశ్వతంగా దెబ్బతిన్నవాళ్ళు సున్నా. ఆ సున్నాని ఆయన పోయినేడు పెద్ద సభలో తెర మీద చూపించి వచ్చారు.

"వీళ్ళలో ఎంతమంది గొంతు నువ్వు చెవులతో విన్నావు?" అని అడిగారు.

"ఇక్కడికి వచ్చినవాళ్ళది విన్నాను సార్. మిగతావాళ్ళది ఉత్తరాలు చూసి రాశాను."

"మిగతావాళ్ళు ఎంతమంది?"

"ఇరవై ఒకరు సార్."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కలం తీసి నీ పేరు ఎదురుగా తొమ్మిదిచోట్ల కొట్టేశారు. తర్వాత, ఉత్తరం చాలని ఒప్పుకుంది నేనే కదా అన్నారు. ఆ సభవాళ్ళకు లెక్క తప్పని తనే ఉత్తరం రాశారు.

నేను అడిగాను, నా మాట వల్లే పోయిందా అని. తెలియదన్నారు. మనిషి కదలకపోయినా స్పిరిట్ గడ్డ బయటికి ఊరి నరానికి తగలొచ్చట. "నీ వల్ల కాదని చెప్పలేను, నీ వల్లేనని కూడా చెప్పలేను" అన్నారు.

రిజిస్టరు నా దగ్గర్నుంచి తీసుకుని వేరే వాళ్ళకు ఇచ్చారు. నాకు చెప్పిన పని, ఆ ఇరవైమందికీ ఫోన్ చేసి మాట్లాడించటం. పక్కన గొంతు డాక్టరు కూర్చుని వింటాడు. పద్నాలుగుమంది సంగతి తెలిసింది. పన్నెండుమంది బాగున్నారు. తెనాలి ఆమె గొంతు బొంగురుగా ఉంది, ఎప్పటినించో తెలియదంది. ఇంకొకాయన చనిపోయాడట, గుండెపోటుతో.

ఏప్రిల్ ఆఖరులో నీకు పరీక్ష పెట్టారు. ఈసారి ఒంగోలు కాదు, ఇక్కడికి రావాలి. నజ్మీన్‌ని తీసుకుని రా. క్షమించమని రాయటానికి చేతులు రావటం లేదు. ఏం తోస్తే అది అను, వచ్చాక.

యూసుఫ్


దర్శి,
4-5-2008

తమ్ముడు యూసుఫ్‌కు,

దీవెనలు. రాత్రికల్లా ఇల్లు చేరాం. మెహర్ ఇచ్చిన బొమ్మ నజ్మీన్ సంచిలోనే ఉండిపోయింది, పోస్టులో పంపుతాను. ఏడేళ్ళ పిల్లకు నీ మొండితనమంతా వచ్చింది. పట్టీలు కాళ్ళకు పట్టలేదని ఏడ్చింది. కొంచెం పెద్దవి చేయిస్తాను.

నేను నిన్ను ఏమీ అనలేదని వచ్చేటప్పుడు స్టేషనులో నీ మొహం చూస్తే తెలిసింది. ఏదో అంటానని మూడు రోజులు కాచుకుని ఉన్నావు. అనటానికి నా దగ్గర నిజంగానే ఏమీ లేదురా. కోపం ఉంటే చెప్పేదాన్నే. సన్నటి కెమెరా గొట్టం ముక్కులోంచి దింపి గొంతు చూసినప్పుడు, ఎడమ తంతి కదలకుండా నిలబడి ఉండటం తెర మీద నాకూ చూపించారు. కుడిది వచ్చి దాన్ని తాకి వెళ్ళిపోతోంది. చాలాసేపు చూశాను. అది నాదేనని తెలుసు. అంతకు మించి ఏమీ అనిపించలేదు. ఫెబా మాత్రం తల తిప్పేసుకుంది.

గడ్డ తొమ్మిది మిల్లీలీటర్లు అన్నారు. మళ్ళీ సూది వెయ్యొచ్చు, లేకపోతే కొయ్యొచ్చు, ఏదీ చెయ్యకుండా ఏటా చూపించుకోవచ్చు, కాన్సరు లేదు కాబట్టి తొందర లేదు అన్నారు. నీవంక చూశారు, నువ్వు నావంక చూశావు. అట్టాగే ఉండనివ్వండి అన్నాను. ముద్ద దిగుతోంది. ఊపిరి ఆడుతోంది. పదేళ్ళు దాన్ని పోగొట్టుకోటానికే సరిపోయింది. ఇప్పుడు అది ఉన్నా నాకు ఇబ్బంది లేదు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నువ్వు రిపోర్టుల కోసం కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు, స్కానింగు గది బయట బల్ల మీద నా పక్కన ఒకామె కూర్చుంది. కావలి నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో గడ్డ నాకు మొదట్లో ఉన్నంత ఉంది. నా మెడ చూసి అడిగింది.

"మీకూ సూదేనా అక్కా?"

"పదేళ్ళ కిందట వేశారు" అన్నాను.

నా గొంతు విని కాస్త వెనక్కి జరిగింది. "గొంతు దానివల్లేనా?"

ఎవరైనా ఆ మాట ఎదురుగా అడగటం అదే మొదలు. దానివల్లే అని చెప్పాను. గడ్డ నిమ్మకాయంత నుంచి రేగుగింజంత అయ్యిందనీ, మళ్ళీ పెరిగిందనీ, ఎనిమిది నెలలు మాట లేదనీ, ఇప్పుడు ఇంతే వస్తుందనీ చెప్పాను. మా మరదలి తల్లికి ఇదే సూదితో గడ్డ పూర్తిగా పోయిందనీ, ఇప్పటికీ చర్చిలో పాడుతుందనీ అది కూడా చెప్పాను. నలభై ఆరుమంది సంగతి నువ్వు రాసినంత వరకూ చెప్పాను. గట్టిగా మాట్లాడలేను కాబట్టి ఆమె తల నా దగ్గరకు వంచి విన్నది.

అంతా విని "నువ్వైతే చేయించుకుంటావా మళ్ళీ?" అంది.

"నేను వద్దన్నాను. అది నా సంగతి. నాది ముద్దకు అడ్డం పడటం లేదు."

"నాది పడుతోంది అక్కా. నీళ్ళు కూడా పట్టిపట్టి దిగుతున్నాయి."

అంతలో ఆమె పేరు పిలిచారు. లేచి, మెడలో నల్లపూసలు తీసి, చుట్టూ చూసి, నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. తలుపేశారు. నేను వాటిని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. నజ్మీన్ వచ్చి ఎవరివమ్మా అంటే తెలియదన్నాను.

అరగంటకు బయటికొచ్చింది. మెడ మీద దూది అంటించి ఉంది. పూసలు ఇచ్చాను.

"ఎట్టా ఉంది?"

"మంటగా ఉంది" అంది. మాట బాగానే ఉంది. ఇప్పటికి.

ఆమె పేరు గుల్జార్ బేగం. ఇల్లు కావలిలో రైల్వే గేటు దగ్గర. నజ్మీన్ చేత అడ్రసు రాయించుకున్నాను. ఉత్తరం రాయనని ఆమెకు చెప్పాను. ఏడాది తిరిగాక నేనే వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఆమె మాట విని వస్తాను. ఏం విన్నానో నీకు చెప్తాను, మీ రిజిస్టరులో ఎక్కించండి.

ఎండలు ముదిరాయి. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పని ఇంకో ఇరవై రోజులు ఉంటుంది.

నీ అక్క
చాంద్‌బీ